మిషను కన్నా ముందు మాస్కు

"గురక మిషను ఎంతవుతుంది?" జంషెడ్‌పూర్ బిష్టుపూర్ మెయిన్ రోడ్డులో సర్జికల్ సామాన్ల షాపుకు వెళ్లేవాళ్లలో చాలామంది ఈ ప్రశ్నతోనే మొదలుపెడతారు. అడిగేది సాధారణంగా కొడుకో అల్లుడో. ఇంట్లో పెద్దాయన గురకకు గోడలు అదురుతున్నాయి, ఎవరో మిషను సంగతి చెప్పారు, మంచిది చూసి కొనిచ్చేస్తే ఓ పనైపోతుందని వాళ్ల ఆలోచన. షాపువాడూ కాదనడు. అలా కొన్న మిషను నెల తిరక్కుండా బీరువా మీదికి చేరుతుంది, ఏడాదికల్లా సగం ధరకు అమ్మకానికొస్తుంది. మిషను బాగానే ఉంటుంది, మాస్కే ఆ ముఖానికి సరిపడలేదు. ఇలాంటి గురక వెనక తరచూ ఉండే స్లీప్ ఆప్నియా అనే జబ్బుకు వైద్యం వెతుక్కునేటప్పుడు డాక్టరు కొంచెం దూరంగా ఉన్నా ఫరవాలేదు, పరీక్ష రాంచీలోనో కోల్‌కతాలోనో చేయించుకున్నా నష్టం లేదు. మిషను అమ్మేవాడు మాత్రం స్కూటరు మీద పావుగంటలో వెళ్లగలిగేంత దగ్గర్లో ఉండాలి. ఎందుకో చెప్పాలంటే ముందు జబ్బు దగ్గర్నుంచి రావాలి.

నిద్రలో గొంతు వెనక కండరాలు వదులైపోయి గాలి దారి మూసుకుపోతుంది. ఊపిరి తీసుకోవాలని ఛాతీ ఎగసిపడుతూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు. అలా కనీసం 10 సెకన్లు ఆగితే దాన్ని ఒక ఆప్నియాగా లెక్కేస్తారు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు ఉలిక్కిపడుతుంది, కండరాలు బిగుసుకుని పెద్ద గుర్రుతో దారి తెరుచుకుంటుంది. ఇది రాత్రంతా జరిగినా పొద్దున్న లేచాక మనిషికి ఏమీ గుర్తుండదు. తలనొప్పి, నోరెండిపోవడం, రాత్రి మూడు నాలుగుసార్లు ఒంటేలుకు లేవడం, మధ్యాహ్నం కూర్చున్నచోటే కునుకు, ఎన్ని మాత్రలు మార్చినా దిగని బీపీ, ఇవే అతనికి తెలిసేవి. వీటిలో ఏ ఒక్కటీ గొంతు వైపు వేలు చూపించదు. అందుకే బీపీకి ఒక డాక్టరు, ఒంటేలుకు ఒక డాక్టరు, నీరసానికి బలం మందు అంటూ ఏళ్లు గడిచిపోతాయి.

అసలు సాక్షి పక్కన పడుకునే మనిషి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల నాడు 'టాటా' అనే ఈ ఊరికి వచ్చి కదమా, సోనారీ, బిష్టుపూర్‌లలో స్థిరపడ్డ ఇళ్లలో ఆవిడ చెప్పే మాట ఇంచుమించు ఇలా ఉంటుంది: "ఆయన్నడిగితే ఏటి తెలుస్తాది బాబూ, నన్నడగండి. గురకున్నంతసేపూ నాను బాగానే పడుకుంతాను. గురకాగిపోతేనే మెలకువొచ్చేస్తాది. ఊపిరుందో లేదోనని ముక్కుకాడ చెయ్యెట్టి సూస్తాను." ఏ డాక్టరుకైనా ఇంతకన్నా పనికొచ్చే మాట ఉండదు. చిక్కేమిటంటే డాక్టరు హిందీవాడో బెంగాలీవాడో అయి ఉంటాడు, హిందీలోకి మార్చి చెప్పే కొడుకు దాన్ని 'బహుత్ ఖర్రాటే లేతే హై' అని నాలుగు ముక్కల్లో తేల్చేస్తాడు. గురక ఆగిపోవడమనే అసలు సంగతి అక్కడ జారిపోతుంది. కనుక ఒక పని చెయ్యండి. ఆయన గాఢనిద్రలో ఉన్నప్పుడు సెల్‌ఫోన్‌లో రెండు మూడు నిమిషాలు వీడియో తీయండి. గురక, నిశ్శబ్దం, మళ్లీ ఉలికిపాటు, మూడూ పడాలి. ఆ వీడియోకి ఏ భాషలోకీ అనువాదం అక్కర్లేదు.

ఆడవాళ్ల సంగతి ఇంకా అన్యాయం. భర్త గురక విని భార్య లేస్తుంది గానీ భార్య గురక విని లేచే భర్తలు తక్కువ. పైగా వాళ్లలో లక్షణాలు వేరుగా ఉండొచ్చు. నిద్ర పట్టకపోవడం, ఒళ్లు నొప్పులు, ఎప్పుడూ నీరసం, పొద్దున్నే తలపోటు అంటారు. గురక మాట చెప్పడానికి సిగ్గుపడతారు. నెలసరి ఆగిపోయాక ముప్పు పెరుగుతుంది. అమ్మ 'ఒంట్లో సత్తువ లేదు' అంటూ ఉంటే థైరాయిడ్, రక్తహీనత పరీక్షలతో పాటు ఆమె నిద్రపోతుండగా ఒక రాత్రి చెవొగ్గి వినండి.

ఇది గాలికబుర్ల జబ్బు కాదని నమ్మించడానికి మనవాళ్లకు ఒక పేరు చాలు. 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' పాటలకు బాణీలు కట్టిన బప్పి లహిరి 2022 ఫిబ్రవరి 15న ముంబయిలో పోయారు. అప్పటికి ఆయన వయసు 69. నిద్రలో శ్వాసకు అడ్డుపడే ఈ జబ్బుతో పాటు పదే పదే వచ్చిన ఛాతీ ఇన్ఫెక్షన్ కూడా కారణమని ఆయన్ను చూసిన డాక్టర్లు చెప్పారు. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ గుదిగుచ్చి 2023లో ప్రచురించిన లెక్క ప్రకారం పనిచేసే వయసువాళ్లలో సుమారు 10 కోట్ల 40 లక్షల మందికి ఇది ఉండొచ్చు. లావుగా ఉన్నవాళ్లకే వస్తుందనీ అనుకోకండి. దవడ ఎముక వెనక్కి ఉన్నవాళ్లకు, మెడ పొట్టిగా ఉన్నవాళ్లకు, ఒళ్లు మామూలుగా ఉన్నా వస్తుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఇంట్లోనే చేసుకోగల పరీక్షలు రెండున్నాయి. ఒకటి ఎప్‌వర్త్ స్కేలు. మెల్‌బోర్న్ డాక్టరు మర్రే జాన్స్ 1991లో తయారుచేసింది. చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, భోంచేసి కూర్చున్నప్పుడు కునుకు పట్టే అవకాశం ఎంత అని ఎనిమిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి 3 మార్కులు. మొత్తం 24లో 10 దాటితే ఆలోచించాలి. రెండోది టొరంటోలో మత్తు వైద్యురాలు ఫ్రాన్సిస్ చుంగ్ బృందం 2008లో ఇచ్చిన స్టాప్-బ్యాంగ్. గురక, పగటి అలసట, ఊపిరాగడం ఎవరైనా చూడటం, బీపీ, బీఎమ్ఐ 35 దాటడం, వయసు 50 దాటడం, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటడం, మగవాడు కావడం. ఎనిమిదిలో ఐదు ఉంటే ముప్పు ఎక్కువ. దర్జీ టేపు తెచ్చి మెడ కొలుచుకోండి, అదొక్కటీ ఊహించి రాసుకోవద్దు.

ఈ ఊళ్లో ఇంకో మెలిక ఉంది. 1912 నుంచే ఎనిమిది గంటల పనిదినం అమలు చేసిన టాటా స్టీల్ కంపెనీ ఊరు ఇది. 'ఏ' షిఫ్టు పొద్దున్న ఆరింటికి, బీ షిఫ్టు మధ్యాహ్నం రెండింటికి, సీ షిఫ్టు రాత్రి పదింటికి. సీ షిఫ్టు చేసి వచ్చినవాడు కునికిపాట్లు పడితే ఎవరికీ అనుమానం రాదు, 'నైట్ డ్యూటీ కదా' అనేస్తారు. ఆప్నియా ఆ మాట చాటున హాయిగా దాక్కుంటుంది. తేల్చుకోవడానికి ఒక దారి: వారం సెలవు పెట్టి వరసగా రాత్రిపూట ఏడెనిమిది గంటలు పడుకున్నాక కూడా పగలు కళ్లు మూతలు పడుతున్నాయంటే తప్పు షిఫ్టుది కాదు. క్రేన్ ఎక్కేవాళ్లు, భారీ వాహనాలు నడిపేవాళ్లు, రాంచీ రోడ్డులో రోజూ కారు తోలేవాళ్లు దీన్ని వాయిదా వేయొద్దు. స్టీరింగ్ ముందు ఒక్కసారైనా కునుకు పట్టి ఉంటే, వైద్యం మొదలయ్యేదాకా బండి తాళాలు ఇంకొకరి చేతిలో పెట్టాలి.

ఇక ఎక్కడికి వెళ్లాలన్నది. బిష్టుపూర్‌లో ఉన్నవాళ్లకు మొదటి గుమ్మం నార్తర్న్ టౌన్‌లోని టాటా మెయిన్ హాస్పిటల్, అందరూ టీఎంహెచ్ అనే ఆసుపత్రి. కంపెనీ ఉద్యోగులు, కుటుంబ సభ్యులు తమ కార్డుతో వెళతారు, బయటివాళ్లు డబ్బు కట్టి చూపించుకోవచ్చు. టెల్కో వైపు వాళ్లకు టాటా మోటార్స్ హాస్పిటల్, బారీడీలో మెర్సీ, తామోలియాలో బ్రహ్మానంద నారాయణ, ప్రభుత్వ వైద్యానికి ఎంజీఎం వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నాయి. ఎక్కడికెళ్లినా చీటీ రాయించుకోవలసింది ఛాతీ డాక్టరుకు. ముక్కు ఎప్పుడూ మూసుకుపోయి ఉన్నా, పిల్లవాడు నోరు తెరుచుకుని గురక పెడుతున్నా ముందు ఈఎన్‌టీ డాక్టరుకు. పిల్లల్లో చాలాసార్లు టాన్సిల్స్, ముక్కు వెనక ఎడినాయిడ్స్ తీసేస్తే సమస్య తీరుతుంది.

బయల్దేరే ముందు ఫోన్ చేసి అడగండి: నిద్ర పరీక్ష, అంటే స్లీప్ స్టడీ, మీ దగ్గరే చేస్తారా, రాత్రంతా టెక్నీషియన్ పక్కన ఉండే పూర్తి పరీక్షా లేక ఇంటికిచ్చి పంపే చిన్న పరీక్షా, రిపోర్టు చదివి సంతకం పెట్టేది ఏ డాక్టరు? మూడో ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే ఆ చోటు వదిలేయండి. పరికరంలోని సాఫ్ట్‌వేర్ తనంతట తానే లెక్కవేసిన కాగితాన్ని రిపోర్టుగా చేతిలో పెట్టే చోట్లూ ఉన్నాయి. ఎవరో ఒక నిపుణుడు ఆ రాత్రి గీతలన్నీ చూసి సరిదిద్దినదే రిపోర్టు. ఊళ్లో తేదీ త్వరగా దొరక్కపోతే రాంచీ సుమారు 130 కిలోమీటర్లు, రైల్లో హౌరా 250. పరీక్ష ఒక్క రాత్రి పని కనుక అంత దూరం వెళ్లినా ఫరవాలేదు.

పూర్తి పరీక్షలో తలకు, కనురెప్పల పక్కన, గడ్డానికి, కాళ్లకు తీగలు అంటిస్తారు, ముక్కు దగ్గర గాలి కొలిచే గొట్టం, ఛాతీకీ పొట్టకీ బెల్టులు, వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెడతారు. ఆ రోజు తలస్నానం చెయ్యండి, కొబ్బరినూనె మాత్రం రాయొద్దు. మనవాళ్లు మర్చిపోయేది ఇదే. నూనె తలకు తీగలు అంటవు, అర్ధరాత్రి ఊడిపోతాయి, డబ్బు దండగ. గోళ్ల రంగు, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం కాఫీ టీలు మానెయ్యాలి. సీ షిఫ్టులో ఉన్న వారంలో పరీక్షకు ఒప్పుకోవద్దు. ఇంట్లో చేసే చిన్న పరీక్షలో తల తీగలుండవు, ఖర్చు తక్కువ. గురక, ఊపిరాగడం స్పష్టంగా ఉండి వేరే పెద్ద జబ్బులు లేనివాళ్లకు అది సరిపోతుంది. గుండె బలహీనత, పక్షవాతం, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు పూర్తి పరీక్షే చేయించుకోవాలి.

రిపోర్టు చేతికొచ్చాక కళ్లు మొదట ఏహెచ్ఐ దగ్గరికి వెళతాయి. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా బాగా తగ్గింది అనే లెక్క అది. 5 లోపు మామూలు, 15 దాకా తక్కువ స్థాయి, 30 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. కాగితంలో ఇంకా చదవాల్సినవి ఉన్నాయి. ఉదాహరణకు ఒక రిపోర్టులో నిద్ర 5 గంటల 40 నిమిషాలు, ఏహెచ్ఐ 38 అని ఉందనుకోండి. అంటే ఆ ఒక్క రాత్రిలో సుమారు 215 సార్లు. కింద వెల్లకిలా పడుకున్నప్పుడు 61, పక్కకు తిరిగినప్పుడు 14 అని ఉంటే పడుకునే తీరు మార్చుకుంటేనే సగం భారం దిగుతుందన్నమాట. కనిష్ఠ ఆక్సిజన్ 74 శాతం, 90 కన్నా తక్కువగా గడిపిన సమయం 48 నిమిషాలు అని ఉంటే ఏహెచ్ఐ కన్నా ఆ రెండు అంకెలే డాక్టరును తొందరపెడతాయి. గొంతు మూసుకుపోవడం వల్ల ఆగినవీ, మెదడు ఆజ్ఞ రాక ఆగిన 'సెంట్రల్' రకమూ వేరువేరుగా రాస్తారు. రెండోవి ఎక్కువుంటే మామూలు మిషను సరిపోకపోవచ్చు. షాపులో ముందే మిషను కొనేసినవాళ్లు బోల్తా పడేది ఇక్కడే.

మిషనే దిక్కని కూడా లేదు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఏళ్ల తరబడి సాగిన అధ్యయనంలో బరువు 10 శాతం తగ్గినవాళ్లకు ఏహెచ్ఐ పాతిక శాతం పైగా తగ్గింది. రాత్రి మద్యం మానెయ్యడం, నిద్రమాత్రలు సొంతంగా వేసుకోకపోవడం ఖర్చులేని వైద్యాలు. తక్కువ, మధ్యస్థ స్థాయిలో ఉన్నవాళ్లకు కింది దవడను ముందుకు లాగి పట్టే పళ్ల పరికరాన్ని డెంటిస్టు కొలత తీసి చేస్తారు. బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ను స్థూలకాయంతో పాటు ఆప్నియా ఉన్నవాళ్లకు వాడేందుకు అమెరికా ఔషధ సంస్థ 2024 డిసెంబరులో అనుమతించింది. ఇక్కడ వాడాలా వద్దా అన్నది డాక్టరు తేల్చాల్సిన సంగతి, వాట్సాప్ గ్రూపుది కాదు. ఆపరేషన్ గురించి ఎవరైనా మొదటిరోజే చెబితే రెండో డాక్టరు మాట కూడా వినండి.

తీవ్రంగా ఉన్నవాళ్లకు మాత్రం సీపాప్‌కు, అంటే అందరూ గురక మిషను అనే దానికి, సాటి వైద్యం ఇప్పటికీ లేదు. సిడ్నీలో కాలిన్ సల్లివాన్ అనే డాక్టరు 1980లో మొదటి రోగికి దీన్ని పెట్టి, 1981లో లాన్సెట్ పత్రికలో ప్రకటించాడు. అంతకు ముందు ఇలాంటి రోగులకు మెడకు రంధ్రం పెట్టడమే గట్టి మార్గం. సూత్రం చాలా సులువు. సైకిలు ట్యూబులో గాలి ఉన్నంతసేపూ దాని గోడలు అతుక్కోనట్టే, మాస్కు ద్వారా వెళ్లే గాలి ఒత్తిడికి గొంతు మూసుకోదు. మిషన్లు సాధారణంగా 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి దాకా ఇస్తాయి. మీకెంత కావాలో తేల్చడాన్ని టైట్రేషన్ అంటారు. ల్యాబులో ఇంకో రాత్రి పడుకోబెట్టి గానీ, ఒత్తిడిని తనే సర్దుకునే ఆటో మిషను ఇంట్లో వారం పదిరోజులు వాడించి దాని మెమరీ కార్డులోని లెక్క చూసి గానీ తేలుస్తారు. ఊపిరి వదిలేటప్పుడు ఒత్తిడి బాగా తగ్గించే బైపాప్ ధర ఎక్కువ. అది డాక్టరు చీటీలో ఉంటేనే కొనండి, 'ఇది ఇంకా మంచిది సార్' అని షాపులో అన్నారని కాదు.

ఇప్పుడు అసలు బేరం దగ్గరికి వద్దాం. అమ్మకందారును వెతకడానికి నాకు నచ్చిన దారి ఇప్పటికే వాడుతున్నవాళ్లను పట్టుకోవడం. బిష్టుపూర్ ఆంధ్ర భక్త శ్రీరామ మందిరంలో పండగరోజు నలుగురు చేరినప్పుడు 'మీలో ఎవరైనా గురక మిషను వాడుతున్నారా' అని గట్టిగానే అడగండి. ఇబ్బంది పడుతూనైనా ఒకరిద్దరు తేలతారు. వాళ్లను ధర అడగొద్దు, 'ఇప్పటికీ రోజూ పెట్టుకుంటున్నారా, మాస్కు ఎన్నోది, మార్చడానికి అతను వచ్చాడా' అని అడగండి. రెండో దారి ఛాతీ డాక్టరు విభాగంలో టెక్నీషియన్. ఏ షాపు మిషన్లు వెనక్కొస్తున్నాయో అతనికి తెలుస్తుంది. డాక్టరు ఒకే షాపు పేరు రాసిచ్చి అక్కడే కొనమంటే తల ఊపి బయటికి రండి, ఇంకో రెండు చోట్ల కూడా చూడండి. మూడోది కంపెనీల వెబ్‌సైట్లలో ఉండే అధీకృత డీలర్ల జాబితా. రెస్‌మెడ్, ఫిషర్ అండ్ పేకెల్, బీఎమ్‌సీ లాంటి పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి. డీలరు కోల్‌కతాలో ఉండి ఇక్కడ ఒక కుర్రాణ్ని పెట్టుకుని పనిచేయొచ్చు. అది తప్పేం కాదు, ఆ కుర్రాడు మీ ఇంటికి ఎన్ని రోజుల్లో వస్తాడన్నదే కావాలి.

షాపులో కాగితాలు చూడటానికి మొహమాటపడొద్దు. మన దేశంలో వైద్య పరికరాలకు 2017 నిబంధనలు ఉన్నాయి, 2022లో వాటిని సవరించారు. మందుల లైసెన్సు లేని షాపు వైద్య పరికరాలు అమ్మాలంటే ఎండీ-42 అనే రిజిస్ట్రేషన్ పత్రం ఉండాలి. గోడకు ఫ్రేము కట్టి ఉందేమో చూడండి, లేకపోతే అడగండి. బిల్లు జీఎస్టీతో, మిషను సీరియల్ నంబరుతో కావాలి. వారంటీ కార్డు మీద ఆ నంబరే ఉండాలి. మిషను చెడి కంపెనీకి వెళితే అన్నాళ్లూ వాడుకోవడానికి ఇంకోటి ఇస్తారా అని అడిగి, ఆ జవాబు బిల్లు వెనక రాయించుకోండి.

మాస్కు దగ్గర మాత్రం నిదానించండి. ముక్కు రంధ్రాల కింద ఆనేవి, ముక్కును కప్పేవి, ముక్కూ నోరూ కప్పేవి అని మూడు రకాలు. నోటితో ఊపిరి తీసేవాళ్లకు, ముక్కు దిబ్బడ ఉన్నవాళ్లకు మూడోది. మిగతావాళ్లకు చిన్నదే మేలు, ముఖం మీద బరువు తక్కువ. కుర్చీలో కూర్చోబెట్టి మాస్కు తగిలించి 'సరిపోయింది సార్' అనే షాపును నమ్మొద్దు. పడుకుంటే చెంపలు కిందికి జారి ముఖం ఆకారం మారుతుంది. బల్ల మీదైనా సరే పడుకోబెట్టి, గొట్టం తగిలించి, మీకు రాసిన ఒత్తిడితో గాలి వదిలి, ఎడమకు తిరిగి, కుడికి తిరిగి చూడాలి. కళ్ల వైపు గాలి కొడుతోందా అని వేలితో తడిమి చూడండి. అక్కడ కారే గాలి రెండు రాత్రుల్లో కళ్లు ఎర్రబారుస్తుంది. బెల్టు బిగిస్తే ఆగిపోతుందని అతనంటే సైజు తప్పని అర్థం. గుబురు మీసాల వాళ్లకు ముక్కును కప్పే మాస్కు అంచు మీసం మీద కూర్చోదు, వాళ్లకు ముక్కు రంధ్రాల కింద ఆనే రకం తరచుగా పనిచేస్తుంది. కట్టుడు పళ్లు తీసి పడుకునేవాళ్లు పళ్లు తీసేసి అమర్చి చూడాలి. ఇవన్నీ చెయ్యడానికి ఓపికపడే షాపువాడు వెయ్యి రెండు వేలు ఎక్కువడిగినా అతని దగ్గరే కొనండి. ఆన్‌లైన్‌లో మిషను చవకగా రావచ్చు, రాత్రి రెండింటికి ఈల వేసే మాస్కును పొద్దున్నే మార్చి ఇచ్చేవాడు అక్కడ దొరకడు.

వీలైతే మొదటి నెల అద్దెకు తీసుకోండి. చాలామంది డీలర్లు మిషను అద్దెకిస్తారు, కొంటే కొంత అద్దె తగ్గిస్తారు కూడా. మాస్కు మాత్రం ఎవరిది వాళ్లు కొనాల్సిందే. కొనే ధరలు ఇప్పుడు సుమారుగా 30 వేల నుంచి మొదలవుతాయి, ఆటో రకంలో పేరున్న కంపెనీది లక్షకు దగ్గరగా ఉంటుంది. సెకండ్‌హ్యాండ్ మిషను పాతదని తక్కువ ధరకు వస్తే తీసుకునే ముందు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ తన మిషన్లలో శబ్దం తగ్గించడానికి వాడిన నురుగు పొర పొడిగా రాలి గాలిలో కలవొచ్చని ప్రపంచవ్యాప్తంగా లక్షల మిషన్లు వెనక్కి పిలిచింది. వాటిలో మొదటి తరం డ్రీమ్‌స్టేషన్ కూడా ఉంది. అలాంటివి చేతులు మారుతూ చిన్న ఊళ్లకు చేరతాయి. సీరియల్ నంబరు కంపెనీ సైట్‌లో కొట్టి చూడకుండా పాతదేదీ కొనొద్దు.

ఎవరు కడతారన్నది ఎవరికి వారు ముందే తేల్చుకోవాలి. ఇంట్లో వాడుకునే మిషనుకు చాలా ఆరోగ్య బీమా పాలసీలు డబ్బివ్వవు, ఆసుపత్రిలో చేరి చేయించుకున్న వైద్యానికే ఇస్తాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు, పెన్షనర్లకు సీజీహెచ్ఎస్ కింద నిపుణుడి చీటీ, స్లీప్ స్టడీ రిపోర్టు జోడించి ముందస్తు అనుమతి తీసుకుంటే పరిమితికి లోబడి తిరిగి వస్తుంది. ముందు కొనేసి తర్వాత అడిగితే తిరగడమే మిగులుతుంది. కంపెనీ ఉద్యోగులు, రిటైరైనవాళ్లు తమ ఆసుపత్రి మెడికల్ విభాగంలో మిషనుకూ మాస్కుకూ వేరువేరుగా అడగాలి. మిషను ఒకసారే కొంటాం, మాస్కు మెత్తటి అంచు, ఫిల్టర్లు, గొట్టం మాత్రం కొన్ని నెలలకోసారి మారుస్తూనే ఉండాలి.

మొదటి వారం ఎవరికైనా కష్టమే. రాత్రి పెట్టుకుని ఊపిరాడలేదని పారేసేకన్నా పగలు టీవీ చూస్తూ అరగంట పెట్టుకుని అలవాటు చేసుకోండి. ర్యాంప్ అనే అమరికతో ఒత్తిడి మెల్లగా పెరిగేలా చేసుకోవచ్చు. రాత్రికి కనీసం నాలుగు గంటలు, పదిలో ఏడు రాత్రులు వాడితేనే వాడుతున్నట్టు లెక్క. అది కూడా కనీసమే, నిద్రపోయినంతసేపూ ఉండాలి. పొద్దున్నే తెర మీద మిగిలిన ఏహెచ్ఐ 5 లోపు ఉందా చూడండి. రెస్‌మెడ్ మిషన్లలో గాలి లీకు నిమిషానికి 24 లీటర్లు దాటుతోందంటే మాస్కు పట్టుకుని షాపుకు బయల్దేరాలి. మాస్కు ముందు సన్నటి రంధ్రాలుంటాయి, అవి వదిలిన ఊపిరి బయటికి పోయే దారి. గాలి కారుతోందని ప్లాస్టర్ అంటించేవాళ్లున్నారు, ఆ పని అస్సలు చెయ్యొద్దు. మిషను గాలికి తేమ కలిపే డబ్బాలో డిస్టిల్డ్ వాటర్ పోయాలి, రోజూ పారబోసి కొత్తది నింపాలి. బ్యాటరీకి అమ్మే నీళ్లు దీనికి కాదు. జనవరి చలికి గొట్టంలో నీటి చుక్కలు చేరి ముఖం మీద పడితే గొట్టాన్ని దుప్పటి కిందనుంచి పోనివ్వండి, తేమ ఒక అంకె తగ్గించండి.

కరెంటు సంగతి చాలామందికి ఊరెళ్లినప్పుడు గుర్తొస్తుంది. కంపెనీ ఏరియాలో టాటా స్టీల్ యూఐఎస్ఎల్ (జనం నోట ఇంకా జుస్కోనే) కరెంటు ఇస్తుంది కాబట్టి ఇబ్బంది తెలియదు. పెళ్లికి పాలకొండ వైపో బొబ్బిలి వైపో వెళ్లినప్పుడు ఇంట్లో ఇన్వర్టరుంటే చాలు, తేమ ఆపేస్తే మిషను కరెంటు చాలా తక్కువ తీసుకుంటుంది. చాలా రైలు బోగీల ప్లగ్గుల్లో 110 వోల్టులుంటాయి. మిషను అడాప్టరు మీద 100–240 అని రాసి ఉంటే పనిచేస్తుంది గానీ, అర్ధరాత్రి ఛార్జింగ్ పాయింట్లకు కరెంటు ఆపేయడం ఉంది కాబట్టి దాన్నే నమ్ముకోవద్దు. తరచూ ప్రయాణం చేసేవాళ్లు బ్యాటరీ ప్యాకు కొనుక్కోవాలి. రిటైరై విశాఖలోనో శ్రీకాకుళంలోనో ఇల్లు కట్టుకునే ఆలోచన ఉంటే, కొనేటప్పుడే అక్కడ కూడా సర్వీసున్న కంపెనీ చూసుకోండి.

ఇంకొక్కటి. హెర్నియాకో, మోకాలికో, గాల్ బ్లాడర్ రాళ్లకో ఆపరేషన్ తేదీ ఖాయమైనప్పుడు సర్జన్‌కు చెబితే సరిపోదు, మత్తు డాక్టరుకు విడిగా చెప్పాలి: 'నాకు స్లీప్ ఆప్నియా ఉంది, సీపాప్ వాడుతున్నాను, ఒత్తిడి ఇంత.' మత్తు మందులు, నొప్పి తగ్గించే కొన్ని మందులు గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తాయి, మేలుకొనే సమయంలో ఊపిరికి ఇబ్బంది రావచ్చు. స్లీప్ స్టడీ రిపోర్టు జిరాక్సు ఆసుపత్రి ఫైల్లో పెట్టండి. మిషనూ మాస్కూ సంచిలో వేసుకుని వార్డుకు తీసుకెళ్లండి, సంచి మీద పేరూ బెడ్ నంబరూ రాసి ఉంచండి. ఆపరేషన్ అయిన రాత్రి డ్యూటీలో ఉండే నర్సుకు దాన్ని ఎలా తగిలించాలో ఇంటావిడ ముందే చూపించి పెట్టాలి.